తడి ఆరని సర్వర్

షబ్రీన్‌కు ఆటలు ఆడటం మీద కంటే, ఆటలు ఆగకుండా నడిపించడం మీదే మోజు. ఎక్కడెక్కడి వాళ్ళో ఫోన్లలో, కంప్యూటర్లలో ఒకే ఆటలోకి దిగినప్పుడు, ఎవరు ఎక్కడున్నారో, ఎవరి దెబ్బ ఎవరికి తగిలిందో చూసుకునే కంప్యూటర్ ఒకటి వెనకాల ఉంటుంది. అదే సర్వర్. ఆ పని నేర్చుకుందామని సారపాకలో తమ ఇంటి వెనక గదిలో ఏడాదిగా కుస్తీ పడుతోంది. బీటెక్‌లో చదివింది పెద్దగా అక్కరకు రాలేదు. నెట్‌వర్క్ సంగతులు, లైనక్స్, ఒక్కసారే అందరూ మీద పడ్డా ప్రోగ్రాం కూలిపోకుండా రాయడం, అన్నీ వీడియోలు చూసి, రాసి, చెడగొట్టి, మళ్ళీ రాసి నేర్చుకుంది.

చివరికి హైదరాబాదులో ఒక చిన్న గేమ్ కంపెనీ నుంచి పిలుపొచ్చింది. ఉదయ్ భాస్కర్ అనే ఆయన ఇంటర్వ్యూ చేసి, ఆఖరి పరీక్ష పెట్టాడు.

"మీరు రాసిన సర్వర్ మీ దగ్గరే నడపండి. శనివారం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మా టెస్టింగ్ వాళ్ళు అందులో ఆడతారు. పడిపోకూడదు. పడిపోతే నేను చేయగలిగిందేమీ ఉండదు."

ఆమె లాప్‌టాప్‌కు కాసేపు గట్టిగా పని చెబితే పొయ్యి మీద పెనంలా కాలిపోయేది. పాత సామాన్ల వ్యాపారం చేసే తండ్రి మహబూబ్ అలీ భద్రాచలం నుంచి ఒక కంప్యూటర్ తెచ్చిపెట్టాడు.

"వరదల మునిగిన నెట్ సెంటర్‌దంట బేటీ. దీనికి నీళ్ళు తగల్లేదన్నరు."

మూత విప్పితే లోపలంతా ఎండిన ఒండ్రు. బ్రష్షుతో దులిపి, స్పిరిట్ గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టింది. అది గుర్రంలా పరుగెత్తింది.

శనివారం పొద్దుట్నుంచే ముసురు. అడవి వైపు నుంచి మబ్బు దిగి, మధ్యాహ్నానికే గదిలో లైటు వేసుకోవాల్సి వచ్చింది. ఆట మొదలైంది. తెరమీద ఒక్కొక్కరి పేరూ వచ్చి చేరుతోంది. అంతా సాఫీగా ఉంది. షబ్రీన్ ఊపిరి పీల్చుకుంది.

అప్పుడే ఆ వాసన తగిలింది.

ఎలుకేదో చచ్చిందనుకుంది. మంచం కింద వెతికింది. ఏమీ లేదు. అది ముక్కుతో ఆగే వాసన కాదు. చాలాకాలం నీళ్ళలో నాని, ఉబ్బి, పగిలినదాని వాసన. నాలుక మీద జిడ్డులా పేరుకుంటోంది. చున్నీ ముక్కుకు అడ్డం కట్టుకుని తిరిగి చూస్తే, కంప్యూటర్ అడుగు నుంచి టేబుల్ మీదికి ఏదో కారుతోంది. గుడ్డతో తుడిచింది. కఫంలా తీగలు సాగింది.

మూత విప్పింది.

లోపల బురద. బూడిదరంగు బురద, తడితడిగా మెరుస్తూ. జావ ఉడికినట్టు బుడగలు లేచి, చిట్లుతున్నాయి. చిట్లిన ప్రతి చోటా సన్నని ఎర్రపురుగులు తలలెత్తి మళ్ళీ మునుగుతున్నాయి. చెంచా తెచ్చి ఒక ముద్ద గీకి పక్కన వేసింది.

తెరమీద ఆట ఆగిపోయింది. వెంటనే ఉదయ్ భాస్కర్ మెసేజ్. "కదలట్లేదు. చూస్తున్నారా?"

ఎందుకు చేసిందో ఏమో, గీకిన ముద్దను మళ్ళీ లోపల వేసింది.

ఆట కదిలింది. ముందుకంటే వేగంగా.

ఆమెకు ఏడుపొచ్చింది. నడుస్తున్నది ఏడాది కష్టపడి తాను రాసిందా... ఇదా?

ఆలోచించే వ్యవధి లేదు. పేర్లు పెరుగుతున్నాయి. బురద పొంగి అంచు దాటి జారుతోంది. జారినకొద్దీ ఆట తడబడుతోంది. షబ్రీన్ కళ్ళు గట్టిగా మూసుకుని, కుడిచేయి అడ్డం పెట్టి ఆపింది. వెచ్చగా ఉంది. మణికట్టు దాకా దిగిపోయింది.

లోపల ఏదో ఆమె వేళ్ళను పట్టుకుంది.

మెత్తగా... పళ్ళు ఊడిన చిగుళ్ళతో.

అరవబోయి ఆగింది. లాగితే ఆట ఆగుతుంది. వేళ్ళ సందుల్లో నాలుక లాంటిది నెమ్మదిగా కదులుతోంది. ఒక్కో వేలూ చప్పరిస్తోంది. ఎడమచేత్తోనే కీబోర్డు నొక్కుతూ కూర్చుంది.

తలుపు మీద చిన్న చప్పుడు. తండ్రి.

"బేటీ... ఏంది ఆ వాసన?"

"ఏం లేదబ్బా."

"నీకో మాట చెప్పలే. భయపడతవని. ఆ సెంటర్ నడిపిన భద్రు, వరదొచ్చిననాడు కంప్యూటర్లు పైకెత్తుదామని లోపలికి పోయిండంట. మళ్ళ రాలే. శవం గూడ దొరకలే. బంద్ చెయ్యమ్మా అది. జల్దీ."

"సాయంత్రం దాకనే అబ్బా. నువ్వు లోపలికి రాకు."

"గట్ల గొంతు వణుకుతుందేందే..."

"రాకు!"

ఆయన వెళ్ళలేదు. తలుపవతల దువా చదువుతున్న గుసగుస వినిపించింది. ఆ గుసగుస సాగుతున్నంతసేపూ లోపలి చిగుళ్ళు ఇంకా బిగిశాయి.

ముసురులో వెలుగు పూర్తిగా తగ్గాక తెరమీద మెసేజ్ వచ్చింది. "టెస్ట్ అయిపోయింది. థ్యాంక్స్."

షబ్రీన్ ప్లగ్ పీకేసింది. చేయి వెంటనే రాలేదు. కొసరి కొసరి, ఒక్కో వేలూ వదిలింది. చివరగా చిటికెనవేలు.

లైటు వెలుగులో చేయి చూసుకుంది. మట్టి మరక కూడా లేదు. నాకి శుభ్రం చేసినట్టు తెల్లగా, ముడతలు పడి ఉంది. కంప్యూటర్ లోపల పొడి దుమ్ము తప్ప ఏమీ లేదు.

పెరట్లోకి పరుగెత్తి కక్కుకుంది. సబ్బుతో, బూడిదతో, చివరికి ఫినాయిల్‌తో రుద్దుకుంది. చర్మం మండింది కానీ రోత పోలేదు. ఆ నోరు కంటే తనమీద తనకే ఎక్కువ రోత వేసింది. ఆట సాఫీగా సాగుతుంటే, చేయి అందులో ఉండగానే, తను సంతోషపడింది.

తండ్రి ఫోన్ తెచ్చి ఎడమచేతికి ఇచ్చాడు. ఉదయ్ భాస్కర్.

"సర్వర్ ఒక్కసారి తప్ప ఆగలేదు షబ్రీన్ గారూ. ఉద్యోగం మీదే. కానీ..." గొంతు తగ్గించాడు. "ఒక సంగతి చెప్పాలి. ఆట ఆపేశాం. కంప్యూటర్లూ ఆపేశాం. మా టెస్టింగ్ వాళ్ళు మాత్రం కుర్చీల్లోంచి లేవట్లేదు. అందరూ కుడిచేయి టేబుల్ కింద పెట్టుకుని కూర్చున్నారు. పిలిస్తే పలకరు."

షబ్రీన్ కుడిచేయి వీపు వెనక దాచుకుంది.

"అక్కడేముందోనని మా ఆఫీసులో పద్మప్రియ ఇందాక టేబుల్ కిందికి వంగింది."

అవతల ఏదో తడిగా చప్పరించిన చప్పుడు.

"ఇంకా తల పైకెత్తలేదండీ..."