ఇనుప ఓడ దగ్గర పలికిన గొంతు

పిల్లలూ, నీళ్ళ అడుగున ఉన్న మనిషి, పైన పడవలో తన పేరు పిలిస్తే "ఉన్నాను" అని పలకగలడా? పలకలేడు కదా. కానీ ఫ్లోరిడా కీస్ దీవుల్లో ఒకచోట పలుకుతాడట.

అక్కడ ఎప్పుడో మునిగిపోయిన సరుకుల ఓడ ఒకటుంది. మరీ లోతేం కాదు, మన రెండంతస్తుల ఇల్లంత. నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని జనం దాన్ని చూడ్డానికి దిగుతారు. పొద్దు వాలాక మాత్రం పడవల వాళ్ళు అటు వెళ్ళడానికి జంకుతారు. దిగినవాళ్ళు పైకొచ్చాక పేర్లు పిలుస్తుంటే, ఇంకా కిందే ఉన్నవాడి పేరుకి... ఎవరో పలుకుతారట. పడవ వెళ్ళిపోతుందట.

ప్లేనోలో ఉండే రఘు అంకుల్ తెలుసుగా. ఇది అతను తన నోటితో నాకు చెప్పిందే.

రఘు, లోకేష్ ఇంజనీరింగ్‌లో ఒకే గది. ఆ సాయంత్రం ఇద్దరూ జంటగా దిగారు. జంట అంటే — ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండాలి, కలిసే పైకి రావాలి. అది నియమం. లోకేష్ భార్య నమ్రతకి ఈత రాదు. పడవలోనే కూర్చుంది.

కింద లోకేష్‌కి చెవిపోటు వచ్చింది. పైకి వెళ్దామని సైగ చేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. రఘు కదలబోయాడు... సిలిండర్ పట్టీ ఓడ నిచ్చెనకి చిక్కుకుంది. చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుంటూ, ఊపిరి అదుపులో పెట్టుకుంటూ, విడిపించుకునేసరికి గాలి అడుగంటింది.

పైకి తేలాడు.

పడవ లేదు.

చీకట్లో దూరంగా ఒక దీపం... చిన్నదవుతోంది. అరిచాడు. ఇంజన్ చప్పుడులో ఎవరికి వినిపిస్తుంది? ఓడ ఉన్నచోటికి గుర్తుగా నీళ్ళ మీద తేలేలా కట్టిన బోయాని కావలించుకుని వేలాడాడు. కింద ఇనుము మూలిగినట్టు... కాళ్ళకి ఏదో రాసుకుపోయినట్టు... ఇంట్లో ఉన్న కూతురు వేద పేరు పైకే అనుకుంటూ, చేతులు జారినప్పుడల్లా మళ్ళీ పట్టుకుంటూ —

అరగంటకి దీపం తిరిగొచ్చింది.

పడవలో రఘు కనిపించకపోతే, బాత్రూమ్‌లో ఉన్నాడని అనుకున్నారట. మంచినీళ్ళిద్దామని నమ్రత తలుపు కొడితే లోపల ఎవరూ లేరు. ఆమె పెట్టిన కేకకి పడవ వెనక్కి తిప్పారు.

పడవ నడిపే ముసలాయన పేర్ల కాగితం చూపించాడు. అన్నింటికీ టిక్కులే.

"నీ పేరు పిలిచాను. పలికావు," అన్నాడు, మొహం పాలిపోయి.

లోకేష్ రఘుని కావలించుకున్నాడు. "నేనూ విన్నాన్రా... నీళ్ళ వైపు నుంచే."

రఘు నమ్మాడు. నమ్మి, వాడి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

మర్నాడు ఎయిర్‌పోర్ట్‌లో, లోకేష్ అద్దె కారు అప్పజెప్పడానికి వెళ్ళినప్పుడు, నమ్రత గొంతు తగ్గించి అంది —

"అన్నయ్యా, దెయ్యం లేదు, ఏమీ లేదు. నా పక్కన కూర్చుని మా ఆయనే మీ పేరుకి పలికారు. బాత్రూమ్‌లో ఉంటాడులే, నాలుగేళ్ళు వీడికి ప్రాక్సీ చెప్పింది నేనేగా అని నవ్వారు కూడా."

"...ఇప్పుడెందుకమ్మా చెప్పడం?"

"ఇకమీదట ప్రతి పార్టీలో ఈ దెయ్యం కథ చెబుతారు. పక్కన కూర్చుని నేను తలూపాలి. మీరొక్కరైనా నమ్మకండి."

ప్రాక్సీ అంటే, క్లాసుకి రాని పిల్లాడి పేరుకి పక్కవాడు గొంతు మార్చి పలకడం. ముప్ఫై ఏళ్ళు హాజరు పిలిచాను నేను. పట్టుబడిన ప్రతివాడూ స్నేహం కోసమే అనేవాడు.

నమ్రత అన్నట్టే అయింది. మొన్నొక పుట్టినరోజు పార్టీలో లోకేష్ మళ్ళీ ఆ కథ ఎత్తుకున్నాడు. జనం మాటలాపి విన్నారు. రఘు కాగితం ప్లేటు పట్టుకుని చివరిదాకా విని, ఒక్కటే అడిగాడు.

"ఆ గొంతు ఎలా ఉందిరా?"

లోకేష్ క్షణం కూడా తడుముకోలేదు.

"అచ్చం నీ గొంతే రా."

సరే, లైటు తీసేస్తున్నాను. డ్రయ్యర్‌లో దుప్పట్లు సగమే మడతపెట్టి వచ్చాను. మిగతావి ముడతలు పడిపోతాయి.