మబ్బులో దాచుకున్న కొడుకు

ఏరు ఇళ్ళలోకి వచ్చిన తర్వాత రెండో చలికాలం అది. ఆ రోజు పొద్దున కూడా లాంబ్రినీ దేవుడి పటం ముందు దీపం వెలిగించి, కాఫీ పొయ్యి మీద పెట్టి, వంటింటి బల్ల మీదున్న చిన్న ల్యాప్‌టాప్ మూత తెరిచింది. తెర మీద ఆమె కొడుకు స్టెర్యోస్ గొర్రెపిల్లను భుజాన వేసుకుని నవ్వుతున్నాడు.

"లేచావా నాయనా? రాత్రంతా ఒకటే గాలి. నువ్వున్నచోట ఎలా ఉందో ఏమో," అంది.

ఎదురుగా ఆమె మొగుడు థొమాస్ రొట్టెముక్క కాఫీలో ముంచుకుని తింటున్నాడు. కొడుకు పోయినప్పుడు కూడా ఆయన పెద్దగా ఏమీ అనలేదు. వరద రాత్రి దొడ్డి తలుపు తీసి గొర్రెల్ని వదిలి వస్తానని వెళ్ళిన స్టెర్యోస్ మూడో ఊరి పత్తిచేలలో దొరికాడు. జేబులో ఫోన్ దొరకలేదు.

ఆ నీళ్ళకే గోడ మీది ఫోటోలు, పెళ్ళి ఆల్బమ్, మూలనున్న పెద్ద కంప్యూటర్ బురదయ్యాయి. మనవరాలు వాయాకి బడివాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్ కూడా పోయింది. తర్వాత ఇంకొకటి ఇచ్చారు. చవక సరుకు, అట్టముక్కంత తేలిక. వాయా తన పాస్‌వర్డ్ కొట్టగానే, ఎప్పుడో బడి పనికోసం ఎక్కించిన నాన్న ఫోటోలన్నీ ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి. లాంబ్రినీ సిలువ గుర్తు వేసుకుని కింద కూలబడింది.

"దీని లోపల ఏమీ ఉండదు నానమ్మా. అన్నీ పైన ఉంటాయి. మబ్బు అంటారు దాన్ని. మిషను మునిగినా అవి మునగవు."

"మబ్బా? మనల్ని ముంచింది మబ్బే కదే!"

"ఇది వేరే మబ్బులే."

కోడలు ఆసిమీనా అప్పుడే అంది, ఫోటోలు కాగితం మీద వేయించుకుందామని. లాంబ్రినీ ఒప్పుకోలేదు. "కాగితం ఏమైందో చూశాంగా. వాడు పైనే ఉండనీ. అంత ఎత్తుకి నీళ్ళు ఎక్కవు." గాలికి ఇంటర్నెట్ పోయిన రోజుల్లో మాత్రం ఆ మిషను ఉత్త పలక అయ్యేది. ఆ రోజుల్లో ఆమె అన్నం ముట్టేది కాదు.

థొమాస్ ఒకసారి మనవరాలిని అడిగాడు. "ఆ పైనున్న ఇల్లు ఎవరిది?"

"ఏదో కంపెనీది తాతా."

"తాళంచెవి?"

"బడిది."

ఆయన టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళుగా ఆ తెర పైఅంచున ఒక పసుపు పట్టీ కనిపిస్తోంది. లాంబ్రినీకి చదువు రాదు కనక అదేదో అలంకారం అనుకుంది. థొమాస్ మూడో తరగతి దాకా వెళ్ళాడు. రోజూ కాఫీ తాగుతూ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాడు. ఒకరోజు 'నెలాఖరు' అన్న మాట దొరికింది. ఇంకో రోజు 'తొలగింపు'. వాయాని అడిగితే, తాతవైపు చూడకుండానే "ప్రకటన తాతా, పట్టించుకోకు" అని సంచి తగిలించుకుని బస్సుకి పరిగెత్తింది. ఆ పరుగు ఆయనకి నచ్చలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన ల్యాప్‌టాప్‌ని కోడలి వైపు తిప్పాడు.

"ఇది చదువమ్మా."

ఆసిమీనా, మొగుడు పోయినప్పట్నుంచి తలకి కట్టుకుంటున్న నల్లగుడ్డ సర్దుకుంటూ చదివింది. చదివేకొద్దీ ఆమె గొంతు మారింది. "'విద్యార్థి పేరు జాబితా నుంచి తీసివేస్తున్నందున ఈ ఖాతా నెలాఖరున మూసివేయబడును. అందులోని సమస్తం తొలగించబడును.' ఏంటే ఇది? రోజూ పొద్దున్నే సంచి తగిలించుకుని బస్సెక్కేదెవరు మరి? నీ దెయ్యమా?"

వాయా పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయింది.

"నిన్నే!"

"బడికి వెళ్ళట్లేదమ్మా."

"ఎప్పట్నుంచి?"

"వానలు మొదలైనప్పట్నుంచి."

"మరి ఎక్కడుంటున్నావు? ఎవడితో?"

"ఎవడూ లేడు. పట్నంలో బస్టాండు మేడమీద కూర్చుంటా, తిరుగు బస్సు దాకా."

"బడివాళ్ళు నాకు ఫోన్ చెయ్యలేదే?"

"నీ నంబరు బదులు నాదిచ్చా. నీ ఫోన్ మునిగిపోయింది కదా అప్పుడు."

ఆసిమీనా చెయ్యి లేచింది. థొమాస్ ఆ చెయ్యి పట్టుకున్నాడు, గట్టిగా కాదు. బయట ఆకాశం కొండల వైపు నుంచి నల్లబడుతోంది. కోళ్ళు అప్పుడే గూట్లోకి దూరుతున్నాయి.

లాంబ్రినీకి ఇవేవీ పట్టలేదు. వేలు తెరమీద పెట్టింది. "అయితే వీణ్ణి తుడిచేస్తారా? నెలాఖరంటే ఈ వారమేగా! ఇందులోంచి బయటికి తియ్యవే!"

"రాదు నానమ్మా. వేరేచోటికి పంపబోయినా, కాగితం మీద వేయబోయినా బడి అనుమతి లేదంటుంది. ఫోన్‌తో తెరని ఫోటో తీశా. నాన్న మొహం మీద చారలు పడుతున్నాయి, నీళ్ళలోంచి చూసినట్టు." వాయా పళ్ళెం పక్కకి నెట్టింది. "నేను వెళ్ళి కూర్చుంటే పేరు కొట్టెయ్యం అంది టీచరమ్మ."

"మరి వెళ్ళవే! వెళ్ళి కూర్చోవడానికి నీకేం రోగం? తండ్రి కోసం ఆ మాత్రం చెయ్యలేవా? వాడేం పాపం చేశాడని రెండోసారి చంపుతున్నావే వాణ్ణి!"

ఆ మాట ఇంట్లో అందరికీ తగిలింది. సరిగ్గా అప్పుడే బల్ల మీదున్న రెండు ఫోన్లూ ఒక్కసారి కీచుమని అరిచాయి. వాన హెచ్చరిక. వరద రాత్రి కూడా అవి ఇలాగే అరిచాయి. వాయా కుర్చీ తోసుకుని గోడకి ఆనుకుంది.

"వెళ్ళాను నానమ్మా. ఒకసారి కాదు, చాలాసార్లు వెళ్ళాను. మా బడి కూలిపోయాక రేకుల గదుల్లో కూర్చోబెడుతున్నారు మమ్మల్ని. రేకు మీద వాన పడితే..." చెవులు మూసుకుంది. "ఆ రాత్రి మన దొడ్డి రేకుల మీద అదే చప్పుడు. నాన్న ఇప్పుడే వస్తానన్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఆ చప్పుడు వింటూనే ఉన్నా. అది వినపడితే ఇప్పటికీ నాకు ఊపిరి అందదు. అందరి ముందూ కిందపడి కొట్టుకున్నా. నవ్వారు."

"నాకెందుకు చెప్పలేదే తల్లీ?" అంది ఆసిమీనా.

"చెప్తే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడుపు ఆపి ఎన్నాళ్ళయిందని?"

ఆసిమీనా కూతుర్ని దగ్గరికి లాక్కుంది. కొట్టబోయిన చెయ్యే ఇప్పుడు ఆ పిల్ల వీపు నిమురుతోంది. లాంబ్రినీ చాలాసేపు తెర వైపు చూసింది. కొడుకు నవ్వుతూనే ఉన్నాడు.

"పోనీ. తుడిచేసుకోనీ," అంది. "వాణ్ణి నీళ్ళు తీసుకుపోయాయి. ఇక్కడ నా కళ్ళముందు వాడి బిడ్డ మునిగిపోతుంటే నేను రోజూ బొమ్మతో కబుర్లు చెప్తూ కూర్చున్నా. నన్ను క్షమించవే పిల్లా." మూత వేసేసింది.

"వద్దు నానమ్మా," వాయా ఏడుస్తూ వచ్చి మూత మీద చెయ్యి పెట్టింది. "నాక్కూడా ఆ మొహమే కావాలి. నాన్న గొంతు అప్పుడే సరిగ్గా గుర్తు రావట్లేదు. మొహం కూడా పోతే ఎలా?"

ముగ్గురు ఆడవాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. థొమాస్ కిటికీ దగ్గర నిలబడి కొండల మీద దిగుతున్న మబ్బుని చూస్తూ ఉండిపోయాడు. వాన ఆ సాయంత్రం పడలేదు. ఏటి వైపు నుంచి తడిమట్టి వాసన మాత్రం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆయన ఎవర్నీ లేపలేదు. కొత్త దొడ్డి కప్పుకోసం కోసి ఆరబెట్టిన రెల్లు మోపులన్నీ ట్రాక్టర్ ట్రైలర్‌లోకి ఎక్కించాడు. నిచ్చెన, తాళ్ళు, కొడవలి పెట్టుకుని బడికి వెళ్ళాడు. మొదటి బస్సు ఇంకా రాలేదు. ఆవరణలో తెల్ల రేకుల గదులు వరసగా ఉన్నాయి. హెడ్మాస్టరమ్మ మూసిన గొడుగు చంకన పెట్టుకుని గబగబా వచ్చింది.

"ఏంటి పెద్దాయనా ఇది? ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?"

"స్టెర్యోస్ కూతురు కూర్చునే గది ఏది?"

ఆమె ఆయన మొహంలోకి, ట్రైలర్‌లోని రెల్లు వైపు చూసింది. తర్వాత చివరి గది చూపించింది.

"పిల్ల పేరు కొట్టెయ్యకండి," అన్నాడు థొమాస్. "చప్పుడు నేను ఆపుతాను."

మొదటి చినుకు రేకు మీద టప్పున పడింది. ఆయన గోడకి నిచ్చెన వేసి, ఒక మోపు భుజానికెత్తుకుని పైకెక్కాడు. మోకాళ్ళ మీద కూర్చుని, కట్టు కోసి, ఒక మూల నుంచి రెల్లు పరవడం మొదలుపెట్టాడు.