చప్పుడు లేని బండి

పొద్దున్నే కమాల్ బాషా ఇంటి ముందు స్కూటరు కిక్కు కొట్టే చప్పుడు వినపడకపోతే ఆ వీధికి తెల్లవారినట్టే కాదు. బండి ఆయన కూతురు ఆస్మాది. ప్రొద్దుటూరులో సగం మంది బండ్లు తన షెడ్డులో బాగుచేసే మెకానిక్, సొంత కూతురి బండిని ఇంకొకరి చేతికి ఇస్తాడా? ప్లగ్గు ఊడదీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ బిగించి కొట్టగా కొట్టగా ఎట్టకేలకు ఇంజిను అందుకుంది.

ఆస్మా టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంటూ బయటికి వచ్చింది. జమ్మలమడుగు అవతల ఒక పల్లె బడిలో టీచరు. ఆ ఊరికి సరైన బస్సు లేదు.

"ఎల్లుండి నుంచి నీకీ తిప్పలుండవులే నాయనా. కరెంటు బండి వచ్చేస్తాది. ఆయిలు లేదు, ప్లగ్గు లేదు, కిక్కు అసలే లేదు!" అని నవ్వుతూ బయల్దేరింది.

ఆయన నవ్వలేదు. బండి పొగ వీధి చివర మాయమయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. చిన్నప్పుడు ఇదే పిల్లను తన మోటారు సైకిలు మీద బడికి దింపేవాడు. దారి పొడుగునా వెనక కూర్చుని ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. ఇంజిను మోతలో ఒక్క ముక్క వినపడేది కాదు. అయినా అన్నిటికీ 'ఊ' కొట్టేవాడు. అదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో, ఆ కరెంటు బండి తనకెందుకు గిట్టడం లేదో ఆయనకే అర్థం కాలేదు.

అర్థం కానప్పుడు మనిషి కాసేపు నెమ్మదిగా కూర్చోవాలి. ఈయన ఊరందరినీ అడగడానికి పోయాడు. అదే కొంప ముంచింది.

షెడ్డు పక్క టీ అంగట్లో నారాయణ దొరికాడు. పులివెందుల నుంచి చీనీకాయలు, అదే బత్తాయిలు, తెచ్చి అమ్ముకునే మనిషి, రాజకీయం తప్ప ఇంకోటి మాట్లాడడు.

"కరెంటు బండ్లా! అదంతా పైనున్నోళ్ళ ఎత్తు బాషా. మన పార్టీ వాళ్ళం వాటి జోలికి పోగూడదు."

"రేపు మన పార్టీ వస్తేనో?"

"అప్పుడు అవే మంచి బండ్లు" అన్నాడు నారాయణ, తడుముకోకుండా.

కువైట్‌లో ఆయిల్ కంపెనీలో పనిచేసే కొడుకు నయీం ఫోన్లోనే మండిపడ్డాడు. "పెట్రోలు బండ్లు బాగుచేసి మమ్మల్ని సాకినావు నాయనా. నేనీడ పెట్రోలు పుణ్యాన కూడు తింటాండా. మన ఇంట్లోకే కరెంటు బండా?"

పోనీ అని ఫోన్లో వీడియోలు చూస్తే, ఒక దాంట్లో బండి భగ్గున మండుతోంది. ఇంకో దాంట్లో కోటు వేసుకున్న పెద్దమనిషి, భూమి బతకాలంటే ఇదొక్కటే దారి అంటున్నాడు. ఎవరి మాట వింటే వాళ్ళదే నిజమనిపించింది.

రాత్రి అన్నాల దగ్గర కూతుర్నే నిలదీశాడు. "పొగ రాదంటావు, సరే. నీ బండికి కరెంటు యాడ్నించి వస్తాది? ముద్దనూరు కాడ బొగ్గు కాలిస్తేనే గదా?"

"మైలవరం కాడ సోలార్ పలకలు గూడా ఉండాయి గదా నాయనా."

"అవి రాత్రి పూట పనిచేస్తాయా?"

"నువ్వు రాత్రిపూట పెట్రోలు తవ్వుకొస్తాండావా ఏంది?"

"ఇద్దరూ ముందు అన్నం తినండి. భూమిని రేపు కాపాడుదురు" అంది ఆస్మా తల్లి మాబున్ని, పప్పు వడ్డిస్తూ.

మరునాడు కమాల్ బాషా ఎవరికీ చెప్పకుండా షోరూముకు పోయాడు. "మా పాప ఆ బండి వద్దంటాంది. వేరే వాళ్ళకు ఇచ్చుకోండి" అని చెప్పేసి బయటికి వచ్చాడు. పీడ పోయిందనుకున్నాడు గానీ మనసు ఇంకా బరువెక్కింది.

సాయంత్రం ఆస్మా చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"షోరూమోళ్ళు ఫోన్ చేసినారు. నేను వద్దన్నానంట. నేనెప్పుడు అట్లన్నాను నాయనా?"

మాబున్ని భర్త వైపు తిరిగింది. "ఏం చేసినావు? నోరు తెరిచి చెప్పు!"

"బ్యాటరీలు పేలతాండాయి" అన్నాడు ఆయన నేల చూస్తూ. "నారాయణ గూడా వద్దన్నాడు. నయీం అయితే..."

"అవన్నీ వాళ్ళ మాటలు. నీ మాటేంది?" ఆస్మా మధ్యలోనే అడ్డుకుంది. "నా దుడ్లతో నేను కొనుక్కునే బండి. నేను అబద్ధమాడినట్టు చేసినావే! ఎందుకో ఒక్క ముక్క నీ నోటితో చెప్పు నాయనా."

కమాల్ బాషా తనలో తాను వెతుక్కున్నాడు. బొగ్గు, పార్టీ, బ్యాటరీ, కువైట్ అన్నీ కలగాపులగంగా తిరిగాయి. వాటిలో తనది ఒక్కటీ లేదు.

"ఆ బండికి నాతో పనేముందమ్మా?" అన్నాడు చివరికి. "నువ్వు చదువుకున్నావు. నువ్వు మాట్లాడేవి సగం నాకు తెలీవు. నాకు తెలిసింది ఆ ఇంజినొక్కటే. అదీ లేకపోతే నీకు నేనెందుకు?"

ఆస్మా కోపమంతా ఎటు పోయిందో! వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది.

"పోయిన నెల నా బండి దారిలో నిలిచిపోతే షెడ్డు వదిలేసి మిట్ట మధ్యాన్నం వచ్చినావు, గుర్తుందా? ప్లగ్గు మారుస్తా మారుస్తా కండ్లు తిరిగి రోడ్డు మీద పడిపోయినావు. అమ్మకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నావు. ఆ పొద్దే అనుకున్నా, ఈ బండి మార్చాలని. భూమి కోసమని అందరికీ చెప్తాండా గానీ, నీ కోసం నాయనా."

"కండ్లు తిరిగినాయా? నాకొక మాట చెప్పకుండా ఇద్దరూ దాచినారా?" మాబున్ని తిట్టబోయి బావురుమంది. కమాల్ బాషా కూతురి తల మీద చెయ్యి వేశాడు. ఏడవకూడదనుకుంటూనే ఏడ్చేశాడు.

మర్నాడు తనే షోరూముకు పోయి, తప్పు తనదేనని చెప్పి, బండి మళ్ళీ రాయించి వచ్చాడు. బొగ్గు మంచిదో సోలారు మంచిదో ఆయనకు ఇప్పటికీ తేలలేదు. నారాయణ మాత్రం వారం పాటు మొహం ముడుచుకున్నాడు.

బండి వచ్చిన పొద్దున అలవాటుగా కిక్కు రాడ్డు కోసం కాలు చాపి, ఏమీ తగలక తూలాడు.

"ఎక్కు నాయనా, షెడ్డు కాడ దింపుతా" అంది ఆస్మా నవ్వాపుకుంటూ.

వెనక కూర్చున్నాడు. బండి కదిలిన సంగతి గాలి తగిలితే గానీ తెలియలేదు. ఎక్కడా మోత లేదు.

"ఇంగ అమ్మ దగ్గర ఏమీ దాయొద్దు, వింటాండావా?" అంది ఆస్మా, గొంతు పెంచకుండానే.

"ఊ" అన్నాడు.

"చిన్నప్పుడూ అంతే, అన్నిటికీ ఊ అనేటోనివి. ఒక్క మాటా వినపడేది కాదు గదా నీకు?"

కమాల్ బాషా ఉలిక్కిపడ్డాడు. "నీకు తెలుసా?"

"తెలుసు. అయినా చెప్పేదాన్ని."

షెడ్డు వచ్చింది, బండి ఆగింది. ఆయన దిగలేదు.

"ఇంగొంచెం ముందుకు పోనీమ్మా" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "అప్పుడేం చెప్పేదానివో, మళ్ళీ చెప్పు."