మేనేజర్ గారికి ఆఖరి కంప్లయింట్

బీప్ వినిపిస్తే బటన్ నొక్కమని చెప్పాను. నా గాజు గదిలో కూర్చున్న రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ గారు బీప్ లేకుండానే పదకొండుసార్లు నొక్కారు. హెడ్‌ఫోన్స్ తీయించి ఏం వినిపించిందని అడిగాను.

"ఎవరో రాజుగారు చచ్చిపోతున్నారు బాబూ," అన్నారాయన. "ఒక పట్టాన పోవడం లేదు పాపం."

నిజమే. పై అంతస్తులో ఒక రాజుగారు పావుగంట నుంచి చస్తున్నారు. దబ్బున పడటం, అబ్బా అనడం, లేచి మళ్లీ పడటం. నా పని జనానికి ఎంత వినిపిస్తుందో పరీక్షించడం. ఆ పనికి కావలసిన సరంజామాలో మొదటిది నిశ్శబ్దం. నా నెత్తిన పిల్లల వేసవి నాటకాల క్లాసు ఎవరు పెట్టారో కనుక్కుని, గట్టిగా కడిగేసి వద్దామని మెట్లెక్కాను.

పైన ఇరవై మంది పిల్లలు అట్టకత్తులతో ఒకళ్లనొకళ్లు పొడుచుకుంటున్నారు. వాళ్ల మధ్య నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చుకున్న ఒక అమ్మాయి, చచ్చేటప్పుడు అంత తొందర పనికిరాదని రాజుగారికి నచ్చజెబుతోంది. పిల్లలు ఆమెని కథక్క అని పిలుస్తున్నారు. నేను నోరు తెరిచేలోగా ఆమె ఎడమచేతికి ఒక ఎర్ర సాక్సు తొడుక్కుంది. దానికి రెండు గుండీల కళ్లు, నల్లదారంతో కుట్టిన మీసం.

"కంప్లయింట్లన్నీ మేనేజర్ గారికే చెప్పాలండీ. ఇక్కడి రూలు."

"నేను సాక్సుతో మాట్లాడను."

"అయితే పక్కకి జరగండి. మాట్లాడేవాళ్లు లైన్లో ఉన్నారు."

వెనక్కి తిరిగి చూస్తే ఏడేళ్ల సింహం ఒకటి ముక్కు చీదుతోంది. దాని తోక ఎవరో తొక్కారట. మేనేజర్ గారు ఓపిగ్గా విని, తొక్కినవాడి చేత తోకకి సారీ చెప్పించారు. తర్వాత నా వంతు వచ్చింది. ఇరవై జతల కళ్లు నన్నే చూస్తుంటే, ఇంత చదువుకున్నవాణ్ణి, చేతులు కట్టుకుని ఒక సాక్సుకి నా గోడు వెళ్లబోసుకున్నాను.

రాజుగారి చావు రేపటికల్లా ముగుస్తుందనీ, తమరి బీపులు ఎల్లుండి పెట్టుకోవచ్చనీ మేనేజర్ గారు బొంగురు గొంతుతో సెలవిచ్చారు. కథక్క పెదవి చివర నవ్వు ఆగలేక కదులుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ నవ్వు బాగుందని అప్పుడే అనిపించినందుకు ఇంకాస్త మండింది.

నేరుగా పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. ఆ బిల్డింగు ఆమెదే. మా అమ్మకి అక్క, నాకు అద్దె ఓనరు, ఎవరికీ భయపడని మనిషి. చప్పుడంటే ఆమెకి గిట్టదు. ఐదేళ్ల కిందట అదే హాలులో డ్రమ్స్ నేర్పే ఆయన్ని వారం తిరక్కుండా డ్రమ్స్‌తో సహా రోడ్డు మీద నిలబెట్టింది. కథక్క పని అయిపోయిందనుకుని మీసం మెలేశాను.

ఆ కోపంలో ఒక సంగతి మర్చిపోయాను. ఈ ఐదేళ్లలో పెద్దమ్మకి వినికిడి బాగా తగ్గింది. పరీక్ష చేస్తాను రమ్మని రెండేళ్లుగా బతిమాలుతున్నాను. తన చెవులు నిక్షేపంలా ఉన్నాయనీ, జనమే గొణగడం నేర్చుకున్నారనీ అనేది. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదు కదా.

పెద్దమ్మ పైకొచ్చి హాలు మధ్యలో కుర్చీ వేయించుకుంది. ఆమె కళ్లముందే రెండు సైన్యాలు ఢీకొన్నాయి. సింహం గర్జించింది. రాజుగారు ఆఖరిసారిగా, అంటే నాలుగోసారి, ప్రాణాలు వదిలారు. అంతా అయ్యాక పెద్దమ్మ నాకేసి తిరిగింది.

"చప్పుడేదిరా? పిల్లలు బుద్ధిగా ఆడుకుంటుంటేనూ. ముందు నీ చెవులు ఎవరికైనా చూపించుకో."

కథక్క సాక్సు చేత్తోనే నోరు మూసుకుంది.

ఇక చేసేదేముంది, పరీక్షలన్నీ మధ్యాహ్నానికి మార్చుకున్నాను. దాంతో పొద్దున్నపూట ఖాళీ. ఖాళీగా ఉన్నవాడికి కంప్లయింట్లు ఎక్కువ. రోజూ పదకొండింటికి పైకెళ్లి మేనేజర్ గారికి ఒకటి సమర్పించుకునేవాణ్ణి. నిన్న గర్జన మరీ నీరసంగా ఉందని ఒకరోజు, రాజుగారు పడినచోటే పడుతున్నారు, నా సీలింగు ఏమైపోవాలని ఇంకోరోజు. నా కంప్లయింట్లలో పస తగ్గుతోందని మేనేజర్ గారు చీవాట్లు పెట్టేవారు. ఆయన మాట్లాడుతుంటే సాక్సుని చూడటం మర్యాద. నేను కథక్కని చూసేవాణ్ణి. నేను చూడటం తాను చూడనట్టు ఆమె నటించేది. పిల్లలకి నటన నేర్పే మనిషి అంత చేతకాకుండా నటించడం నేనెక్కడా చూడలేదు.

మూడోవారంలో నాకు వేషం దొరికింది. ఉరుము వేషం. వానని వెతుక్కుంటూ వెళ్లే రాజు కథ కాబట్టి ఆఖర్లో వాన పడాలి. పిల్లలు డబ్బాల్లో గులకరాళ్లు వేసి ఊపితే వాన, తెర వెనక నేను ఇనపరేకు ఊపితే ఉరుము. మొదటిసారి వాన కురిపించినప్పుడు కథక్క హాలు మధ్యలో కళ్లు మూసుకుని నిలబడింది. ఇంకా తడవలేదు, గట్టిగా ఊపమంది. డబ్బాలు పోటీలు పడ్డాయి, నేను రేకు అదరగొట్టాను. ఆమె ఉలిక్కిపడి, కళ్లు తెరిచి, లేని నీళ్లు మొహం మీద నుంచి తుడుచుకుని నన్ను చూసి నవ్వింది. ఆ వానకి తడిసింది నేను. నాకు జలుబు చేయకపోవడం ఆశ్చర్యం.

పెద్దమ్మ కూడా రోజూ పైకి రావడం మొదలుపెట్టింది. పిల్లలు గోడలు పాడుచేయకుండా కాపలా అని చెప్పుకునేది. చివరి అరగంట కథక్క కథ చెప్పేది, పిల్లలతో పాటు పెద్దమ్మా ఊ కొట్టేది. ఒకరోజు ఏదో మాటకి పిల్లలంతా పడిపడి నవ్వారు. పెద్దమ్మ వాళ్ల మొహాలు చూసి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు నవ్వింది. ఆ క్షణం సంగతి నాకు తెలుసు, నా వృత్తే అది. ఆమె పక్కన కూర్చున్న సింహానికి కూడా తెలిసిపోయింది.

"నీకు వినపడలేదు కదా అమ్మమ్మా," అంది.

ఆ సాయంత్రం పెద్దమ్మ తనంతట తనే వచ్చి నా గాజు గదిలో కూర్చుంది. పిల్లలు ఎందుకు నవ్వారో చెప్పమంది. చెప్పాను. అందలేదు. గట్టిగా అరిచి చెప్పాను. అరిచి చెబితే అందులో నవ్వేమీ మిగల్లేదు.

"ఆ మిషనేదో పెట్టు," అంది తలెత్తకుండా.

రెండేళ్లుగా ఎదురుచూసిన మాట. తీరా వచ్చేసరికి బీరువా వైపు వెళ్లబోయి ఆగిపోయాను. చెవికి మిషన్ పెడితే ఆమెకి ముందు వినిపించేది పై అంతస్తే. శనివారం నాటకం. డ్రమ్స్ ఆయన గతి గుర్తొచ్చింది. మిషన్ బీరువాలోనే ఉంది. స్టాకు లేదు, సోమవారం వస్తుందని అబద్ధం చెప్పేశాను.

నా త్యాగానికి మెచ్చుకోలు దొరుకుతుందని మర్నాడు కథక్కకి అంతా చెప్పాను. ఆమె సాక్సు కోసం వెతకలేదు. సూటిగా నా మొహంలోకి చూసింది.

"ఇన్నాళ్లూ ఆవిడ నా కథలకి ఊ కొట్టింది. అంటే ఒక్కటీ వినలేదన్నమాట."

"మిషన్ పెడితే మీ హాలు పోతుందండీ."

"పోతే మెట్ల మీద ఆడతాం. ఆవిడకి వినపడకుండా దాచిపెట్టి ఆడే నాటకం నాకెందుకు? ఈరోజే పెట్టండి. మీరసలు చెవుల డాక్టరేనా?"

"డాక్టర్ని కాదండీ, ఆడియాలజిస్టుని."

"ముందు ఏదో ఒకటి అవండి."

 అప్పటిదాకా ఆమె మీద ఉన్నది ఇష్టం. ఆ తిట్టు తిన్నాక ప్రేమ అయిపోయింది, ఇందులో దాచేదేమీ లేదు.

అది శుక్రవారం. ఆ పూటే అబద్ధం ఒప్పుకుని, తిట్లు తిని, పెద్దమ్మకి మిషన్ పెట్టాను. తన గాజుల చప్పుడు విని తనే ఉలిక్కిపడింది. చెయ్యి మళ్లీ ఆడించి విన్నది. నా కుర్చీ కిర్రుమంటోంది, నూనె వేయించమంది. తర్వాత మెట్లెక్కి పైకెళ్లి గంటసేపు కూర్చుంది. యుద్ధం, గర్జన, వాన, నా ఉరుము, అన్నీ విన్నది. ఒక్క మాట మాట్లాడకుండా దిగి ఇంటికి వెళ్లిపోయింది. పెద్దమ్మ తిడితే ధైర్యంగా ఉంటుంది. మాట్లాడకపోతే నాకు అన్నం సయించదు.

శనివారం హాలు నిండిపోయింది. పెద్దమ్మ ముందు వరసలో, తెరకి మూరెడు దూరంలో, మూతి బిగించుకుని కూర్చుంది. తెర వెనక నేను రేకు పట్టుకుని నిలబడ్డాను. కథక్క వచ్చి పక్కన నిలబడింది, సాక్సు చేతికే ఉంది. ఈరోజుతో వేసవి క్లాసులు ఆఖరు. మళ్లీ క్లాసులు పెట్టడానికి హాలు ఉంటుందో ఊడుతుందో తెలీదు. హాలే పోతే, ఈ అమ్మాయి నాకు మెట్ల మీద ఎదురుపడే దారి కూడా ఉండదు. ఆమె మొహం చూసి చెప్పే ధైర్యం లేక సాక్సు మొహం చూసి గుసగుసగా మొదలుపెట్టాను.

"మేనేజర్ గారూ, ఆఖరి కంప్లయింట్. సోమవారం నుంచి నా నెత్తిన ఎవరూ పడరు, ఎవరూ గర్జించరు. అది నా వల్ల కాదు. మీ టీచర్ గారంటే నాకు ఇష్టం, చాలా రోజులుగా. కాస్త ఆవిడకి చెప్పిపెట్టండి."

సాక్సు నోరు తెరిచింది. మూయడం మర్చిపోయింది.

అప్పుడు తెర అవతల నుంచి, హాలు ఆ చివరిదాకా వినిపించేలా ఒక గొంతు వచ్చింది. వినికిడి తిరిగొచ్చినా, గట్టిగా మాట్లాడే అలవాటు పెద్దమ్మకి ఇంకా పోలేదు.

"ఒరేయ్, గుడ్డబొమ్మకి చెబుతావేంట్రా. ఆ పిల్లకి చెప్పు."

మిషన్‌లో సౌండ్ ఒక మెట్టు ఎక్కువ పెట్టింది నేనే, ఎవర్ని అని ఏం లాభం.  హాలంతా నవ్వులు. ఈసారి అందరికంటే ముందు నవ్వింది పెద్దమ్మ. మిగతావాళ్లంతా ఆమె వెనకే నవ్వారు. తెర సందులోంచి అది చూస్తుంటే నా కళ్లు చెమర్చాయి.

"ఇంకో మాట," అంది పెద్దమ్మ. "పైన గోల, ఖాళీ చేయించమని నా ప్రాణం తీసింది నువ్వే. నిన్న విన్నాను. చెవులు చిల్లులు పడ్డాయి. ఏం చెయ్యమంటావు ఇప్పుడు?"

"ఉండనీ పెద్దమ్మా."

"ఎవర్ని? పిల్లల్నా, ఆ పిల్లనా?"

"అందర్నీ."

"సరే, పిల్లలకి నేను హామీ. ఆ పిల్ల సంగతి నువ్వు చూసుకో."

కథక్క వైపు తిరిగాను. ఆమె సాక్సుని మెల్లగా చేతినుంచి లాగి, మడతపెట్టి, నా చొక్కా జేబులో పెట్టింది.

"మేనేజర్ గారు రిటైరయ్యారు," అంది, నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా. "ఇకనుంచి కంప్లయింట్లన్నీ నాకే చెప్పండి. రోజూ."

"ఒప్పుకుంది," అని తెర అవతల పెద్దమ్మ పక్కావిడకి చెప్పింది.

తెర లేచింది. రాజుగారు వానని వెతుక్కుంటూ బయల్దేరారు. నా ఉరుము ఆఖరి సీన్లో ఒక్కసారి రావాలి. మొదటి సీన్ అయ్యేసరికే మూడుసార్లు ఉరిమింది.