శబ్దం రాకూడని పాట

"పాట ఆగకూడదు, వినబడకూడదు. అదే నీ పని," అన్నాడు చీఫ్ నీలకంఠం. జాలరిపేట ఒడ్డున ఆపిన ఐస్ వ్యానులో ఏజెంట్ నాగవంశీకి ఆయన ఇచ్చిన బ్రీఫింగ్ అంతే. జెట్టీలోని అమ్మోనియా ఓడకి విదేశీ ముఠా బాంబు పెట్టింది. ఎదుటి గోడౌన్‌లో ఒక లైనక్స్ ల్యాప్‌టాప్ పెద్ద స్పీకర్లలో పాట వినిపిస్తోంది. పాట చివర వచ్చే కూతని బాంబులోని మైకు వింటే పేలుతుంది. మధ్యలో ప్లేయర్ ఆపినా, వాల్యూమ్ తగ్గించినా, స్పీకర్ వైరు పీకినా ల్యాప్‌టాప్ నుంచి బాంబుకి సిగ్నల్ వెళ్లి పేలుతుంది.

గాలి ఊరి వైపు వీస్తోంది. నాగవంశీ తల్లి నారాయణమ్మ ఆ ఒడ్డునే చేపల గంప ముందు కూర్చుని ఉంది. లెమ్మని చెప్పే అధికారం అతనికి లేదు.

ఏసీ మెకానిక్ వేషంలో గోడౌన్‌కి వెళ్లి, "చందువా చేపలు ఉన్నాయా?" అని కోడ్ అడిగాడు.

"ఐసు కరిగిపోనాది," అని బదులు కోడ్ చెప్పింది నల్లకళ్లద్దాల దేవిశ్రీ. ముఠాకీ మనకీ కూడా పనిచేసే అందగత్తె. ఆవిడ నిజంగా ఎవరి మనిషో చీఫ్‌కే తెలియదు.

పాట సగం దాటిపోయింది. నాగవంశీ ప్లేయర్ సెట్టింగులు తెరిచాడు. పాటని స్పీకర్లకి పంపే ఆడియో డ్రైవర్ల వరసలో ముందు పైప్‌వైర్, తరవాత అల్సా ఉన్నాయి. పైప్‌వైర్ తీసేసి రీలోడ్ కొట్టాడు. పాట అల్సా మీదుగా ఇంకా గట్టిగా మోగింది. అతని పైప్రాణాలు పైనే పోయాయి. అల్సాని కూడా తీసేయబోతుంటే మెడకి పిస్టల్ తగిలింది.

"ఏటి సేత్తన్నావ్?" అంది దేవిశ్రీ. "ఒకటి తీసేత్తే అది ఇంకోటి ఎతుక్కుంటాది. సప్పుడు మింగీసేదేటైనా ఉంటే ఇయ్యి."

నమ్మాలా? ఆలోచించే వ్యవధి లేదు. అప్పుడు గుర్తొచ్చింది, నల్ డ్రైవర్. పాటనంతా తీసుకుంటుంది, చప్పుడు మాత్రం బయటికి పంపదు. ప్లేయర్‌కి అంతా మామూలుగానే నడుస్తున్నట్టు ఉంటుంది. అల్సా తీసేసి, నల్ ఒక్కటే పెట్టి రీలోడ్ కొట్టాడు.

గోడౌన్ మూగబోయింది. స్క్రీన్ మీద గీత కదులుతూనే ఉంది. కూత రావలసిన చోటు దాటి, పాట అయిపోయింది. ఓడ ఓడలాగే ఉంది.

దేవిశ్రీ పిస్టల్ దించింది.

"మీయమ్మ పక్కనే మాయమ్మ కూకుంటాది," అంది.

నేవీ వాళ్లు బాంబు తీసేశాక చీఫ్ ఫోన్ చేసి, ఏం విన్నావని అడిగాడు. ఏమీ వినబడలేదని చెప్పాడు నాగవంశీ. గూఢచారి ఏమీ వినకుండా వస్తే శాఖ మెచ్చుకోవడం అదే మొదటిసారి.