ఒకే ఒక్క కంట్రోలర్ కార్డు

షాపులో మిగిలింది ఒకే ఒక్క కంట్రోలర్ కార్డు. దాని డబ్బాకి ఒక చివర అతని చెయ్యి, ఇంకో చివర ఆమె చెయ్యి.

"ముందు నేను పట్టుకున్నాను," అన్నాడు అతను.

"ముందు నేను అడిగాను," అంది ఆమె.

షాపాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తనకేం సంబంధం లేనట్టు ఫ్యాను కిందికి జరిగాడు.

అతను బీమా ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో కంప్యూటర్‌కి వేగంగా నడిచే హార్డ్ డ్రైవ్ కొనాలని వానలకి ముందు అనుకున్నాడు. వానలు వచ్చి వెళ్ళిపోయినా ఇంకా రివ్యూలు చదువుతూనే ఉన్నాడు. భోజనాల వేళ అతను క్యారేజీ పట్టుకుని వస్తుంటే, మళ్ళీ ఆ రివ్యూలు వినాల్సొస్తుందని ఆఫీసులో వాళ్ళు టేబుల్ మారేవారు.

"చూడండి, డ్రైవ్ అంటే గోడౌన్. కంట్రోలర్ దాని గుమ్మం. గుమ్మం ఇరుకైతే గోడౌన్ ఎంత గొప్పదైనా సరుకు బయటికి రాదు. నా పాత మెషీన్‌కి గుమ్మం ఇరుకు. అందుకే ఈ కార్డు."

"నాదీ ఇరుకే. నేను కార్టూన్ సినిమాలు చేస్తాను. ఏనుగు తుమ్మితే ఆ తుమ్ము చూడ్డానికి పావుగంట పడుతోంది. సోమవారం పిల్లల ఛానల్‌కి సినిమా ఇవ్వాలి. మీకెందుకు ఇంత స్పీడు?"

అతను ఆలోచించాడు. అతని కంప్యూటర్‌లో ఉన్నవి మేనమామ కూతురి పెళ్ళి ఫోటోలు, ఒక పేకాట, బోలెడన్ని హార్డ్ డ్రైవ్ రివ్యూలు.

"రకరకాల పనులుంటాయి," అన్నాడు.

ఆమె నవ్వలేదు. నవ్వుంటే బావుండేదని అతనికి అనిపించింది. డబ్బా మీంచి చెయ్యి తీసేశాడు.

"థాంక్సండి. డ్రైవ్ ఏది తీసుకోమంటారు?"

ఇన్ని నెలలుగా ఎవరూ అడగని ప్రశ్న అది. అతను అరలో ఉన్న రెండు డ్రైవ్‌ల తేడా చెప్పడం మొదలుపెట్టాడు. ముగించేసరికి ఆమె ఒకటి కొనేసి బిల్లు కూడా వేయించుకుంది.

"అదే ఎందుకు?"

"దాన్ని మీరు తక్కువ తిట్టారు."

"బిగించడం కష్టం. కావాలంటే నేనొచ్చి బిగిస్తాను." ఆ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో అతనికే తెలీదు.

"ఎప్పుడైనా బిగించారా?"

"దాని గురించి చాలా చదివాను."

మర్నాడు ఆదివారం. అతను ఆమె ఇంటికి వెళ్ళాడు. ఆమె నాన్న సిటీ బస్సు డ్రైవరు. ఆయన పేపరు పైనుంచి చూసిన చూపుకి అతను బస్సుకి అడ్డం తొలగినట్టు గోడవారగా నడిచి ఆమె గదిలోకి వెళ్ళాడు. ఉపన్యాసం ఇస్తూనే కంప్యూటర్ మూత విప్పాడు, కార్డు దూర్చాడు, కొత్త డ్రైవ్ తగిలించి స్విచ్ వేశాడు.

డిస్క్ ఏదీ కనపడ్డం లేదని తెర మీద తెల్ల అక్షరాల్లో ఒక ముక్క వచ్చింది. అంతే.

"నా సినిమా పాత డ్రైవ్‌లో ఉంది," అంది ఆమె నెమ్మదిగా.

"ఇంకో కాపీ?"

"సగం. ఏనుగు అడవి దాటేదాకా."

చదివినవన్నీ గుర్తు తెచ్చుకున్నాడు. ఒకటి అవునంటే ఇంకోటి కాదంది. చివరికి స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"నాకు తెలీడం లేదండి. నేను కంప్యూటర్ విప్పడం ఇదే మొదటిసారి."

ఆమెకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అతను మొట్టమొదటిసారి తెలీదన్నాడు. ఆమె వచ్చి పక్కన నేల మీద కూర్చుంది.

"ఏమేం ముట్టుకున్నారో చెప్పండి. చదివింది కాదు, ముట్టుకుంది."

అతను చెప్తుంటే ఆమె ఒక్కో వైరు వెంట వేలు పోనిచ్చింది. పాత డ్రైవ్‌కి కరెంటు వెళ్ళే వైరు ఊడి వేలాడుతోంది. కార్డు దూర్చేటప్పుడు అతని మోచెయ్యి తగిలినట్టుంది. ఇద్దరూ ఒకేసారి దాన్ని పట్టుకున్నారు. ఈసారి ఎవరూ వాదించలేదు, చెయ్యి తియ్యడానికీ తొందరపడలేదు.

సినిమా మొత్తం కొత్త డ్రైవ్‌లోకి ఎక్కాక, ఏనుగు వెంటనే తుమ్మింది. ఆమె పకపకా నవ్వింది. అతను తెర వైపు చూడ్డం మర్చిపోయాడు.

సోమవారం సినిమా వెళ్ళింది. అతను మాత్రం ప్రతి ఆదివారం వస్తూనే ఉన్నాడు. కార్డు వేడెక్కుతోందేమో చూడాలన్నాడు. డ్రైవ్ చప్పుడు చేస్తోందేమో వినాలన్నాడు. ఒకసారి దుమ్ము దులపాలని బ్రష్ కూడా తెచ్చాడు.

ఒక ఆదివారం వాళ్ళ నాన్న తలుపు తీసి, దారివ్వకుండా నిలబడ్డాడు.

"బాబూ, ఆ మెషీన్‌కేమైనా జబ్బా?"

"లేదండి. బాగానే ఉంది."

"మరి?"

అతను ఏదైనా టెక్నికల్ మాట కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు.

"మీ అమ్మాయిని చూద్దామనండి."

ఆయన లోపలికి తిరిగి, "అమ్మాయ్, ఒప్పుకున్నాడు," అని, "ఇక నన్ను డ్యూటీకి వెళ్ళనివ్వండి," అంటూ మెట్లు దిగిపోయాడు.

ఆమె చెవి మీద పెన్సిలుతో వచ్చింది. "ఇంకెన్ని రివ్యూలు చదివి చెప్పేవారు?"

"మీ గురించి ఎక్కడా రాయలేదండి," అన్నాడు, నిజంగానే దిగులుగా. "నేనే నిర్ణయించుకోవాల్సి వచ్చింది."

ఆమె నవ్వు ఆపుకుంటూ తలుపు బార్లా తీసింది.

"చెప్పులతోపాటు ఆ 'అండి' కూడా బయట విడిచి, లోపలికి రా."