మూడో బొమ్మ ఊపిరి

మెట్ల కింద సామాన్ల గదిలో తిరిగే దెయ్యం తన సొంత పిన్ని అని ఆ పిల్ల ఇంతవరకు ఎవరి ముందూ నోరు విప్పి అనలేదు. కన్నతల్లితో అనలేదు. అద్దం ముందు నిలబడి తనతో తను కూడా అనుకోలేదు.

ఆ గదికి చెడ్డపేరు వచ్చి ఏడాది దాటింది. పగలంతా పిల్లల బడిగా నడిచే ఆ భవనం, పొద్దుగూకేసరికి పెద్దవాళ్ల బడి అయిపోతుంది. ఒక గదిలో కుట్టుపని, ఇంకో గదిలో లెక్కలు. చదవడం రాయడం రాని పెద్దవాళ్లు చిన్నపిల్లల బల్లల మధ్య మోకాళ్లు ఇరికించుకుని అక్షరాలు దిద్దే గది మరొకటి. మేడ మీద చివరి గదిలో ప్రథమ చికిత్స తరగతి.

ఆ తరగతిలో వాడే రబ్బరు బొమ్మల్ని మెట్ల కింద గదిలో పెడతారు. తలా ఛాతీ తప్ప కాళ్లూ చేతులూ లేని బొమ్మలు. మొత్తం మూడున్నాయి. రెండే పైకి వస్తాయి.

మూడోది రాదు. ఎందుకు రాదంటే... అది ఊపిరి తీస్తుందట!

తరగతులయ్యాక ఆలస్యంగా మెట్లు దిగినవాళ్లకి వినిపిస్తుందట. హుస్స్... కాసేపు ఏమీ ఉండదట. మళ్లీ — హుస్స్. తలుపు దగ్గరికి వెళ్తే లవంగం వాసన గుప్పుమంటుందట.

అలా విన్నవాళ్లలో ఒక్కరూ ఆ తలుపు తీసి చూడలేదు. చూడకుండానే అందరికీ అన్నీ తెలుసు!

మన పిల్ల ఆ తరగతిలో చేరింది దెయ్యం కోసం కాదు, ఉద్యోగం కోసం. పసిపిల్లల్ని చూసుకునే కేంద్రంలో ఒక ఖాళీ ఉంది. ప్రథమ చికిత్స పరీక్ష గట్టెక్కితే గాని తీసుకోమన్నారు. బడి మధ్యలో మాన్పించేసినా ఆ పిల్ల చేతులు ముడుచుకుని కూర్చున్న రకం కాదు. టైపు, ఇంగ్లీషు, జమాఖర్చులు — అన్నీ పాత పుస్తకాలు ముందేసుకుని తనకు తనే నేర్చుకుంది. కానీ ఒకరి నోట్లో నోరు పెట్టి ఊదడం ఏ పుస్తకంలో చూసి నేర్చుకుంటారు?

అక్కడే వచ్చింది చిక్కంతా. చీదర.

ఆ బొమ్మల పెదాలు బూడిదరంగులో, ఎప్పుడూ చెమ్మగా, నిన్నటి అన్నంలా జిగురు జిగురుగా ఉంటాయి. మధ్యలో వేసుకోవడానికి పలచటి ప్లాస్టిక్ పొర ఇవ్వాలి గాని, అది ఎప్పుడడిగినా అయిపోయే ఉంటుంది. స్పిరిట్ ముంచిన దూదితో ఒక్క తుడుపు తుడిచి "ఊఁ, నువ్వు రా" అంటారు. పైగా ఆ పిల్లకి ముందు వంతు బస్సు డ్రైవరుది. ఆయన ఊది లేచాక ఒకసారి చూస్తే, రబ్బరు పెదవికి ఆయన మీసం వెంట్రుక ఒకటి అంటుకుని ఉంది... ఆ రాత్రి అన్నం సయించలేదు.

అందుకని ఒక దొంగ ఉపాయం పట్టింది. ముక్కు మూసేది, తల వంచేది, పెదాలు తగలకుండా పక్కకి ఊదేసేది. బొమ్మ ఛాతీ లేచేది కాదు.

"బొమ్మ చచ్చింది. మళ్లీ చెయ్యి," అనేది పాఠం చెప్పే సిస్టరమ్మ. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి.

"సిస్టర్, మా చీదరమ్మకి రోగిని ముందు స్నానం చేయించి, సెంటు కొట్టి పడుకోబెట్టాలండీ!" అనేవాడు డ్రైవరు. ఆ పేరు ఆయన పెట్టిందే. అందరి నోటా అదే నానింది.

దెయ్యం సంగతి చెప్పిందీ ఆయనే, ఈ పిల్ల చేరిన కొత్తలో. బస్సు నడిపేవాళ్లు ఏటేటా ఈ తరగతికి రావాలట, అందుకని ఆయన పోయినేడాదీ ఉన్నాడు.

"పోయినేడాది మా తరగతిలోనే పోయిందమ్మా ఆవిడ. బుగ్గన లవంగం లేందే ఉండేది కాదు, పంటినొప్పట. నవ్విందంటే గుర్రుమని పంది గురక పెట్టేది. కుట్టు, ఈత, కారు నడపడం... ఎక్కడ ఏ తరగతి పెట్టినా మొదటి పేరు ఆవిడదే. ఈ వయసులో ఎందుకమ్మా అంటే, చచ్చేదాకా నేర్చుకుంటా అనేది. ఇప్పుడు చూడండి — చచ్చాక కూడా మానలేదు!"

తరగతంతా పగలబడి నవ్వింది. ఆ పిల్ల మాత్రం ఒక్కో మాటా లోపల లెక్కపెట్టుకుంది.

లవంగం... గురక నవ్వు... చచ్చేదాకా నేర్చుకుంటా.

పిన్ని.

అమ్మకీ పిన్నికీ మాటల్లేవు. ఆ పిల్లని బడి మాన్పించిన రోజునే తెగింది. "నువ్వూ నేనూ వేలిముద్ర గాళ్లమే అక్కా. దీన్ని కూడా మనలో కలిపేస్తావా?" అని పిన్ని నడింట్లో నిలబడి అడిగింది. "నా పిల్ల, నా ఇష్టం. ఇంకోసారి నా గడప తొక్కకు," అంది అమ్మ. అప్పటినుంచి రాకపోకలు లేవు. మంచీ చెడ్డా కబురు లేదు. పిన్నికి అటు వెనకా ముందూ ఎవరూ లేరు కూడా.

గడప దాటుతూ పిన్ని ఆ పిల్ల చెవి మెలిపెట్టి, తన ఫోన్ నంబరు కంఠతా పట్టించింది. "చదువు మాన్పించినా ఇదొక్క పద్యం మర్చిపోకే," అంది.

మర్చిపోలేదు. కానీ ఆ డ్రైవరు మాట విన్నాక ఎన్నిసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుందో, అన్నిసార్లూ పక్కన పెట్టేసింది. ఎవరూ ఎత్తకపోతే? ఎవరో కొత్త గొంతు ఎత్తి, "ఎవరు కావాలమ్మా... ఆవిడా..." అని ఆగిపోతే?

అడగనంత కాలం పిన్ని పోలేదు. ఆ పిల్ల అలా పెట్టుకుంది లెక్క.

పరీక్ష రేపనగా ఇవాళ తరగతి అయ్యాక ఆగిపోయింది. ఎవరూ చూడకుండా, బొమ్మ మూతి శుభ్రంగా స్పిరిట్‌తో కడుక్కుని, ఒంటరిగా అలవాటు చేసుకుందామని. కావలి తాతని తాళం అడిగితే దూరం నుంచే చెయ్యి ఊపాడు.

"తాళం లేదులే పో. ఆ గదికి భయమే తాళం."

"నువ్వూ రా తాతా, తోడుగా."

"నాకు మనవలున్నారమ్మా," అని బల్ల మీద నుంచి లేవలేదు.

లైట్లన్నీ ఆర్పేశారు. ఫోన్ వెలుతురులో మెట్ల చాటుకి వెళ్లింది. పిల్లల బడి కదా... తడి చీపుళ్లు, బూజు పట్టిన జండాగుడ్డలు, ఎవడో చంటాడు కక్కిన చోట తుడిచిన గుడ్డ... ఆ వాసనలన్నీ తలుపు సందులోంచి చెయ్యి చాచి పలకరిస్తున్నట్టున్నాయి. ముక్కుకి పైట అడ్డం పెట్టుకుంది.

తలుపు మీద చెయ్యి వేసింది.

హుస్స్...

చెయ్యి అక్కడే బిగిసిపోయింది.

ఎలకేమో. గాలేమో. గొట్టమేమో...

హుస్స్...

అప్పుడు వచ్చింది — లవంగం. సన్నగా, వెచ్చగా. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు మొహం మీద వంగి "ఎలా ఉందే?" అని అడిగే ఊపిరి వాసన.

భయంతో పారిపోవాల్సిన కాళ్లు లోపలికి నడిచాయి. తలుపు కిర్రుమంది. మూలన, చీకట్లో, నేలమీద ఎవరో... వంగి... జుట్టు విరబోసుకుని...

"పిన్నీ..." ఆ పిల్లకే వినపడనంత మెల్లగా వచ్చింది మాట.

ఆ ఆకారం గిరుక్కున తిరిగింది.

సిస్టరమ్మ!

మోకాళ్ల మీద కూర్చుని ఉంది. రెండు అరచేతులూ మూడో బొమ్మ ఛాతీ మీద. ముడి ఊడిపోయి, మొహమంతా తడి. నొక్కినప్పుడల్లా బొమ్మ నోట్లోంచి గాలి వస్తోంది. హుస్స్.

"లైటు దించు అమ్మాయ్," అంది. తరగతిలో గొంతు కాదది.

"ఆ వాసన..."

"దీని లోపల గాలి సంచి ఉంటుంది. ప్రతి తరగతికీ మార్చాలి. ఇది మార్చలేదు. ఆవిడ ఆఖరుసారి ఊదింది దీంట్లోనే. తీసి పారేద్దామంటే... చేతులు రాలేదు."

ఏడాదిగా మార్చని సంచి. ఒకరు ఊదిన ఊపిరి, ఇన్నాళ్లు, రబ్బరులో... ఇంకొకప్పుడైతే ఆ పిల్ల అక్కడే వాంతి చేసుకునేది.

"ఏం జరిగింది సిస్టర్ ఆ రోజు?"

సిస్టరమ్మ బొమ్మ మీద నుంచి చేతులు తీసింది.

"రోగి వంతు ఆవిడది. ఒకళ్లు పడుకోవాలి, మిగతావాళ్లు చూడాలి — మీకూ చేయిస్తాగా, అదే. నేనే చెప్పాను, ఎవరు పిలిచినా పలకొద్దు, గిచ్చినా కదలొద్దని. పడుకుంది. పిలిచాం... పలకలేదు. గిచ్చాం... కదల్లేదు. అబ్బో, ఏం నటిస్తోందండీ, అన్నాడు డ్రైవరు. అందరూ చప్పట్లు కొట్టారు."

"మీరు?"

"నేనూ కొట్టాను."

ఎక్కడో కుళాయి చుక్క పడిన చప్పుడైంది.

"ఆ తర్వాత బుగ్గలోంచి లవంగం జారి చాప మీద పడింది. ఆవిడ దాన్ని ఎన్నడూ జారనివ్వదు... అప్పుడు తెలిసింది. ఊదండి, ఊదండి అని అరిచాను. నేర్చుకున్నవాళ్లే అందరూ. నోటి చివర చొంగ కారుతోంది కదా... ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. నేను... అన్నేళ్లు ఆసుపత్రిలో చేసినదాన్ని... ముందు దూది కోసం వెతికాను. తుడవడానికి."

"తర్వాత?"

"ఆసుపత్రి బండి వచ్చింది. ఎక్కించుకున్నారు. తలుపు వేసేశారు."

"ఆసుపత్రికి వెళ్లారా?"

"లేదు."

"ఫోనైనా..."

సిస్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"మరి చచ్చిపోయిందని ఎవరు చెప్పారు?"

"ఎవరో అన్నారు. ఎవరూ కాదనలేదు. చచ్చిందంటే ఇంక వెళ్లి చూడక్కర్లేదుగా అమ్మాయ్... దెయ్యమైతే భయపడితే సరిపోతుంది."

ఆ పిల్లకి చీదర పుట్టింది. ఆ గది వాసన వల్ల కాదు. రబ్బరు పెదాల వల్లా కాదు. పడిపోయిన మనిషి ముందు కొట్టిన ఆ చప్పట్లు, ఆ మీద ఏడాది పొడుగునా మెట్ల మీద నవ్విన నవ్వులు, చొంగలాగా మొహం మీద కారుతున్నట్టనిపించింది. ఏ దూదితో తుడిస్తే పోతుందది?

"ఆవిడ మా పిన్ని," అంది. మొదటిసారి, పైకి.

సిస్టరమ్మ ఆ పిల్ల మణికట్టు గట్టిగా పట్టుకుంది. కళ్లలో ఒక్కసారిగా ఆశ.

"అయితే నీకు తెలుసుగా! చెప్పు తల్లీ... ఉందా?"



ఏం చెబుతుంది? నంబరు నోటికొచ్చి కూడా ఫోన్ చెయ్యని మనిషి, దూది వెతుక్కున్న మనిషిని చూసి ఏమని చీదరించుకుంటుంది?

మెల్లగా మణికట్టు విడిపించుకుని మోకాళ్ల మీద కూలబడింది. మూడో బొమ్మ తల వెనక్కి వంచింది. ముక్కు మూసింది. తుడవలేదు. నోటికి నోరు ఆనించి, గుండెల్లో ఉన్న గాలంతా ఊదింది.

ఛాతీ లేచింది.

బయటికి నడిచింది. వెనకే సిస్టరమ్మ. బొమ్మ దగ్గర ఇక ఎవరూ లేరు. ఎవరి చేతులూ దాని మీద లేవు.

హుస్స్...

ఇద్దరూ ఆగిపోయారు.

"నువ్వు ఊదిన గాలేలే," గుసగుసగా అంది సిస్టరమ్మ. "బయటికొచ్చింది."

కావచ్చు. గాలి తనదే కావచ్చు. వాసన మాత్రం తనది కాదు.

పెదాలకి లవంగం అలాగే అంటుకుని ఉంది. తుడుచుకోవాలనిపించలేదు. మెట్ల మీద కూర్చుని ఫోన్ తీసింది. పిన్ని ఎత్తితే ముందు పలకరించదు, తిడుతుంది. "ఇన్నాళ్లకి గుర్తొచ్చానటే, దరిద్రపు మొహమా!" అంటుంది. ఆ తిట్టొక్కటి వినపడితే చాలు... ఎవరో కొత్త గొంతు ఎత్తినా సరే, అడుగుతుంది. అసలెవరూ ఎత్తకపోతే, తెల్లారి పరీక్ష వదిలేసి ఆ ఇంటి తలుపు కొడుతుంది.

చేసి తీరాలి అనుకుంది. ఇప్పుడే.

కంఠతా పట్టిన పద్యం మొదటి అంకె మీద వేలు పెట్టింది.